కాలవ గట్టు మీద నేనన్న మాట

ముప్పై ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు అవలేదండీ. మధ్యలో కొన్నేళ్లు మరిచిపోయినట్టే ఉండేది. ఉద్యోగం, పాప చదువు, ఇంటి పని, వీటిలో పడి అది ఎక్కడో అడుక్కి వెళ్లిపోయేది. మళ్లీ ఏ పెళ్లిలోనో, ఏ పేరంటంలోనో ఎవరో ఒకరు మా ఆయన గురించి జాలిగా ఒక మాట అనేవారు. అంతే. గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. పేర్లు రాయను. ఊళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తాను. అవి కూడా మార్చేస్తే మళ్లీ అబద్ధంతో మొదలుపెట్టినట్టే ఉంటుంది.

మా ఆయన ఇప్పుడు లేరు. అందుకే రాస్తున్నానా? ఆయన ఉన్నన్నాళ్లూ నోరు విప్పనిదాన్ని, ఆయన పోయాక విప్పుతున్నానంటే దీన్ని పశ్చాత్తాపం అనొచ్చా? పిరికితనం అనాలేమో. నాకు తెలియదు. ముందు జరిగింది చెప్తాను.

మా పుట్టిల్లు పెడన. నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. మేం నలుగురు ఆడపిల్లలం, చివర ఒక తమ్ముడు. తమ్ముడు పుట్టేదాకా అమ్మ ఆగలేదు. ఆగనివ్వలేదు అనాలి. మా అమ్మమ్మకి తొమ్మిది కాన్పులట. అందులో ఎంతమంది బతికారని అడిగితే ఆవిడ వేళ్లు మడుచుకుంటూ, మధ్యలో ఎవరి దగ్గరో ఆగిపోయి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ మొదటి వేలి నుంచి మొదలుపెట్టేది. అది చూస్తూ పెరిగినదాన్ని నేను. మా ఇళ్లలో ఆడపిల్ల చదువు ఆగేది పెళ్లితో కాదని, మొదటి కాన్పుతోనని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది. మా పెద్దక్క ఇంటర్ పుస్తకాలు పెట్టెలో సర్దుకుని మరీ అత్తారింటికి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి ఆ పెట్టెలో పసిపిల్ల గుడ్డలున్నాయి.

నాకు ఇంటర్ అవగానే చల్లపల్లి సంబంధం వచ్చింది. మా వాళ్లే. బజారులో చిన్న బట్టల కొట్టు, తండ్రి లేడు, తల్లీ కొడుకూ. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఇంకా చదువుకుంటారా?" అని. చదువుతానన్నాను. "బందరు కాలేజీకి మా ఊరి నుంచి బస్సుంది," అన్నారు. అక్కడికక్కడ నాకు ఆయన నచ్చేశారు. అత్తగారు మాత్రం నవ్వుతూనే ఒక మాట అన్నారు. "పిల్లలు పుట్టేదాకా చదువుకోనీండి. తర్వాత ఆ పిల్లకే తీరదు."

ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆవిడ చూసిన లోకంలో అది ఎంతో దొడ్డ మాట. కానీ నాకది గడువులా వినపడింది. డిగ్రీ మూడేళ్లు, ఆ తర్వాత బీఎడ్, ఆ తర్వాత టీచరు ఉద్యోగం. ఇంత దూరం నేను వెళ్లాలంటే నా కడుపు ఖాళీగా ఉండాలి.

డిగ్రీలో నాతో చదివే అమ్మాయి పిన్ని బందరులో నర్సు. ఒకరోజు క్లాసులు ఎగ్గొట్టి ఆవిడ దగ్గరికి వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోతూ అడిగాను. ఆవిడ అన్నీ వివరంగా చెప్పారు. మాత్రలు చేతిలో పెడుతూ, "మీ ఆయనకి చెప్పావా? ఇద్దరూ అనుకుని వేసుకోవాలమ్మా," అన్నారు. "ఆయనకి తెలుసండీ," అన్నాను. అది మొదటి అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆ మాత్రలు ఎక్కడ దాచానో చెప్పనా? నెలసరి గుడ్డల సంచిలో. ఇంట్లో ఎవరూ ముట్టని చోటు అదొక్కటే. అంటు అనుకునేది నాకు అలా పనికొచ్చింది.

ఆయనకి ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లలో నన్ను నేను అడిగిన ప్రశ్నల్లో ఇది అన్నిటికన్నా పాతది. ఆయన రాత్రి అన్నం తింటూ ఆ రోజు కొట్టులో జరిగినవన్నీ వాళ్లమ్మకి పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఏ రంగు జాకెట్టు గుడ్డ అయిపోయిందో, ఎవరి పెళ్లికి ఎవరు బట్టలు తీశారో, అన్నీ. ఇది కూడా చెప్పేస్తారని భయపడ్డాను. అది నిజమే. కానీ నిజం అక్కడితో ఆగదు. వద్దంటారేమోనని భయపడ్డాను. అడిగితే కదా వద్దనేది. అడక్కపోతే నా చదువు నా చేతిలో ఉంటుంది. అలా అనుకున్నాను. నా కోసం పొద్దున్నే బస్టాండు దాకా సైకిల్ తొక్కి, బస్సు కదిలేదాకా నిలబడి, సాయంత్రం కొట్టు మూశాక నా రికార్డు బొమ్మలకి పెన్సిళ్లు చెక్కిపెట్టిన మనిషిని నేను నమ్మలేదు. ఆయన చెడ్డవాడై ఉంటే నా తప్పులో సగం ఆయన మీదికి తోసేసేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేశారు.

మాత్రలు వేసుకోవడం తప్పని నేను అనుకోను. ఇది మీరు జాగ్రత్తగా వినాలి. ఈ రోజుకీ అనుకోను. నా ఒంటి మీద, నా చదువు మీద నాకు హక్కుంది. నా తప్పు ఆ మాత్ర కాదు. ఆ మాత్ర చుట్టూ నేను పేర్చిన మౌనం.

రెండేళ్లు గడిచాయి. అత్తగారు మొక్కులు మొదలుపెట్టారు. మోపిదేవి స్వామి గుడి మాకు కూతవేటు దూరం. పిల్లల్లేనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికే వస్తారు. ఆవిడ నన్ను తలస్నానం చేయించి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేయించేవారు. పుట్టలో పాలు పోయించేవారు. నా వెనకాలే ఆవిడా తిరిగేవారు, మోకాళ్ల నొప్పులతో, ఉపవాసంతో. నేను పొద్దున్నే మాత్ర మింగి వచ్చి ఆ పాలు పోసేదాన్ని. నవ్వొచ్చేది కాదు. ఏడుపూ వచ్చేది కాదు. పరీక్షలెప్పుడా అని మనసులో లెక్క వేసుకుంటూ తిరిగేదాన్ని.

డిగ్రీ పూర్తయింది. బీఎడ్‌లో చేరాను. ఇంట్లో మాటలు మారాయి. అత్తగారి తమ్ముడి కూతురు ఒకమ్మాయి ఉంది. ఆ పిల్ల పేరు మా ఇంట్లో తరచుగా వినపడటం మొదలైంది. రెండో పెళ్లి అని ఎవరూ పైకి అనలేదు. "వంశం నిలబడాలిగా" అనేవారు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని.

ఆ రోజుల్లోనే ఆయన ఎవరో స్నేహితుడి వెంట గుడివాడ వెళ్లి ఒక నాటు వైద్యుడికి చూపించుకున్నారు. నాతో చెప్పలేదు. ఆ వైద్యుడు నాడి పట్టుకుని చూసి లోపం మగాడిలోనే ఉందని తేల్చేశాడట. తిరిగొచ్చిన సాయంత్రం, మేనమామ కుటుంబమంతా హాల్లో కూర్చుని ఉండగా, ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నిలబడే అన్నారు. "దానిలో ఏ లోపమూ లేదు. లోపం నాలోనే ఉంది. ఇంక ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తకండి."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. మగవాడు, చల్లపల్లి బజారులో కొట్టు పెట్టుకుని పదిమంది మధ్య బతకాల్సినవాడు, పదిమంది ముందు ఆ మాట అన్నాడంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నన్ను కాపాడటానికే అన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. గదిలోకి పిలిచి చెవిలో చెప్పినా సరిపోయేది. బీఎడ్ అవడానికి ఇంకా నెలలున్నాయి. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ఆయన రోజూ పొద్దున్నే కషాయం తాగేవారు. నల్లగా, చిక్కగా, వాసన చూస్తేనే వాంతొచ్చేది. పులుపు మానేశారు. కొట్టులో పిల్లలు "బాబాయ్, టీ" అంటే వద్దనేవారు. ఒకే ఇంట్లో ఆయన పిల్లల కోసం మందు మింగుతున్నారు. నేను పిల్లలు పుట్టకుండా మందు మింగుతున్నాను. కషాయం గిన్నె కడిగేది నేనే. ఆ గిన్నె అడుగున మడ్డి గీకుతూ నేనేమనుకునేదాన్ని? గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ అనుకునేదాన్ని కాదు. మనిషి తన అవసరంలో ఉన్నప్పుడు ఎంత ఖాళీగా ఉండగలదో అప్పుడు తెలిసింది.

చివరికి ఆ వైద్యుడే ఇక లాభం లేదన్నాడు. ఆయన మందు మానేశారు. మళ్లీ పులుపు తిన్నారు. ఆ రోజు నేను చింతకాయ పచ్చడి చేశాను. రెండుసార్లు కలుపుకుని తిని, "బాగుంది టీచరమ్మా," అన్నారు. నాకు ఉద్యోగం రాకముందు నుంచే ఆయన నన్ను అలా పిలిచేవారు.

ఉద్యోగం వచ్చింది. జీవశాస్త్రం టీచరుగా కోడూరు వైపు ఒక పల్లెటూరి బడికి వేశారు. బస్సులు తక్కువ. వారంలో ఐదు రోజులు అక్కడే గది తీసుకుని ఉండి శనివారం ఇంటికి వచ్చేదాన్ని. ఒక్కోసారి బస్సు తప్పిపోతే మా బడిలో పనిచేసే ఒక మాస్టారు అవనిగడ్డ దాకా బండి మీద దింపేవారు. మంచివాడు. భార్యాపిల్లలున్నవాడు. అంతకుమించి ఏమీ లేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకి మాత్రలు ఆపేశాను. ఆ ఏడాదిలోపే నెల తప్పింది.

అత్తగారు మోపిదేవి వైపు తిరిగి దండం పెట్టారు. ఆయన మొహంలో మొదట వెలుగే చూశాను. ఒక్క క్షణం. తర్వాత ఆ వెలుగు పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది. చల్లపల్లి చిన్న ఊరు. లోపం ఉందని నలుగురిలో ఒప్పుకున్నవాడు. మందు మానేసి కూడా ఏడాది దాటింది. భార్య వేరే ఊళ్లో ఉంటోంది. ఎవరో మాస్టారు బండి మీద దింపుతున్నాడు. ఇక ఊరికి ఏం కావాలి? నా ముందు ఎవరూ అనలేదు. కొట్టు ముందు నిలబడి అన్నారని తర్వాత తెలిసింది.

ఐదో నెలలో ఒక శనివారం ఆయనే బడికి వచ్చి స్కూటర్ మీద ఎక్కించుకున్నారు. గతుకుల్లో మెల్లగా నడుపుతున్నారు. దారిలో కాలవ గట్టు మీద బండి ఆపారు. నాట్లు పడిన కాలం, చేలన్నీ నీళ్లు. నేను దిగి నిలబడ్డాను. ఆయన దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తూ మాట్లాడారు.

"ఒక మాట అడుగుతాను. అడగకూడదనే అనుకున్నాను ఇన్నాళ్లూ."

"అడగండి."

"నీకు నాతో చెప్పాల్సింది ఏమన్నా ఉంటే చెప్పు. ఏదైనా సరే. నేను కోప్పడను. అమ్మకి కూడా చెప్పను. పుట్టేది నా బిడ్డగానే పెరుగుతుంది, అందులో మార్పేం లేదు. నాకు తెలిస్తే చాలు. తెలియకుండా మాత్రం ఉండలేకపోతున్నాను."

చూశారా, ఆయన ఎంత దూరం వచ్చి నిలబడ్డారో. నేను చెప్పాల్సింది నిజంగానే ఒకటుంది. అది చెప్తే ఆయన మీద నుంచి రెండు బరువులు ఒక్కసారే దిగిపోతాయి. తనలో లోపం లేదని తెలుస్తుంది. బిడ్డ తనదేనని తెలుస్తుంది. నాకేమవుతుంది? మోసం చేశానని తెలుస్తుంది. కొన్నాళ్లు మాట్లాడరేమో. అంతే కదా. నాలుక మీద ఉంది మాట. తెరిచిన నోట్లోంచి అది కాక వేరే మాట వచ్చింది.

"అంటే ఏంటండీ? నన్ను అనుమానిస్తున్నారా?"

"అది కాదు..."

"మీలో లోపం పెట్టుకుని నన్నంటారా? ఆ లోపంతోనే కదా ఇన్నేళ్లూ కాపురం చేశాను. ఒక్క మాటన్నానా? దేవుడు దయతలిచి ఇచ్చాడనుకోకుండా ఈ నింద వేస్తారా నా మీద?"

ఆ లోపం లేదని భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. దాన్నే తీసి ఆయన గుండెల్లో పొడిచాను. పైగా ఏడ్చాను. అబద్ధపు ఏడుపు కాదు. నిజంగానే వెక్కివెక్కి ఏడ్చాను. దొరికిపోతానన్న భయంతో ఏడ్చాను. ఆయనకి అది అవమానపడ్డ ఇల్లాలి ఏడుపులా కనపడింది.

ఆయన బండి దిగారు. నా ముందు నిలబడి తల వంచుకున్నారు. "తప్పైపోయింది. ఇంకెప్పుడూ అడగను," అన్నారు.

అడగలేదు. చివరిదాకా అడగలేదు.

పాప పుట్టింది. అచ్చం మా అమ్మ పోలిక. ఆయన పోలిక ఒక్కటైనా ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. పాపకి ఏడాది నిండిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కొట్టుకి కారియర్ పట్టుకెళ్లాను. బేరాల్లేవు. చీరలు ఒంటి మీద వేసుకుని చూసుకోవడానికి గోడకి పెద్ద అద్దం ఉండేది. ఆయన పాపని ఎత్తుకుని, దాని చెంప తన చెంపకి ఆనించి, అద్దంలో చూస్తున్నారు. ముద్దు చేస్తున్న చూపు కాదది. వెతుకుతున్న చూపు. ముక్కు చూశారు. చెవి పక్కకి వెంట్రుకలు తోసి చెవి చూశారు. తర్వాత పాప అద్దంలో ఆయన్ని చూసి నవ్వితే, ఆయన కూడా నవ్వేసి దాన్ని గట్టిగా హత్తుకున్నారు. నేను మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగి, వీధి చివరిదాకా వెళ్లి, చప్పుడు చేసుకుంటూ మళ్లీ వచ్చాను.

పాపకి మూడేళ్లప్పుడు ఆయన బందరు వెళ్లి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మా వైపు ఆపరేషన్ అంటే ఆడవాళ్లకే. ఇద్దరు పిల్లలు పుట్టగానే తల్లిని తీసుకెళ్లి చేయించేస్తారు. మగవాడు చేయించుకోవడం నేను అంతకుముందు వినలేదు. లోపం ఉన్నవాడికి ఆపరేషన్ ఎందుకని బజారులో నవ్వారట. ఎందుకు చేయించుకున్నారని అడిగితే, "ఒక్కతే చాలు. బాగా చదివించుకుందాం," అన్నారు.

నేను దాన్ని అలాగే తీసుకున్నాను. అలాగే తీసుకోవాలనుకున్నాను. ఇంకో బిడ్డ పుడితే ఊరు మళ్లీ నెలలు లెక్కపెడుతుందని, తనకి మళ్లీ అడగాలనిపిస్తుందని, అడగనని మాటిచ్చారు కాబట్టి ఆ అవసరమే రాకుండా చేసుకున్నారని నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది. అది నిజమో కాదో కూడా తెలియదు. అడగడానికి నాకు నోరేది?

ఈలోగా ఊరి దృష్టిలో నేను పెద్దదాన్నైపోయాను. ఒక్కగానొక్క ఆడపిల్ల, ఆపరేషన్ చేయించుకున్న భర్త, ఉద్యోగం చేసే భార్య. మహిళా దినోత్సవమంటే నన్నే పిలిచేవారు. మైకు ముందు నిలబడి, మా అమ్మమ్మ వేళ్లు మడవడం దగ్గర మొదలుపెట్టి, ఆడపిల్ల చదువుకుంటే కుటుంబం ఎలా చిన్నదవుతుందో, పుట్టిన పిల్లలు ఎలా బతికి బట్టకడతారో చెప్పేదాన్ని. అవన్నీ నిజాలే. నా కళ్లతో చూసినవే. మా వీధిలో ఐదారుగురిని కన్న తల్లుల కూతుళ్లు ఇద్దరితో ఆగారు. ఆ కూతుళ్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలొచ్చాకే పెళ్లంటున్నారు. నేను చేరినప్పుడు కిటికీల్లో కూడా పిల్లలు కూర్చునే ఊరి బడిలో ఇప్పుడు ఒకటో తరగతికి పిల్లలు లేరు. ఇప్పుడేమో పిల్లల్ని ఎక్కువమందిని కనండని చెప్పేవాళ్లొచ్చారు. ఎవరు ఏం చెప్పినా కనేది ఆడది, ఆగేది ఆమె చదువు. అది మాత్రం నేను వదులుకోని మాట.

కానీ ఆ ఉపన్యాసాల్లో ఒక చోట నేను ఎప్పుడూ ఆగేదాన్ని. "పెళ్లయ్యాక పిల్లలు ఎప్పుడన్నది మీరూ మీ భర్తా కూర్చుని మాట్లాడుకోండమ్మా" అనే చోట. ఆ వాక్యం దగ్గర నీళ్లు తాగేదాన్ని.

మూడేళ్ల కిందట ఆయనకి కడుపులో పుండు పగిలి విజయవాడ ఆసుపత్రిలో చేర్చాం. రక్తం ఎక్కించాలన్నారు. అమ్మాయిది హైదరాబాదులో ఉద్యోగం. పరుగున వచ్చింది. పరీక్ష చేస్తే ఇద్దరిదీ ఒకటే గ్రూపు. ఆ మాట నర్సు వచ్చి చెప్పగానే ఆయన మంచం మీద నుంచి లేవబోయారు. అంత నీరసంలో ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో. "నా గ్రూపేనా? సరిగ్గా చూశారా అమ్మా? నా గ్రూపే?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత దిండు మీద వాలి నా వైపు చూశారు. కళ్ల నిండా నీళ్లు. పసిపిల్లాడిలా నవ్వుతున్నారు. "విన్నావా టీచరమ్మా, మా నాన్న గ్రూపే అట దానిది, నాది," అన్నారు. ఏదో తడబడి అన్నారు. వాళ్ల నాన్న రక్తం గ్రూపు ఎవరికి తెలుసు!

అమ్మాయి నవ్వింది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను.

నేను జీవశాస్త్రం టీచర్నండీ. ఆ గ్రూపు ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉంటుంది. గ్రూపు కలిసినంత మాత్రాన తండ్రీకూతుళ్లని తేలదని పదో తరగతి పిల్లలకి నేనే పాఠం చెప్పాను. ఆయనకి ఆ పాఠం తెలియదు. పాతికేళ్లకు పైగా ఒక్క రుజువు కోసం ఎదురుచూసి, పనికిరాని రుజువు దొరికితే దాన్ని గుండెలకి హత్తుకున్నారు. అసలు రుజువు తెలిసిన నేను పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తున్నాను.

అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆయన సంతోషంగా ఉన్నారు, ఇప్పుడెందుకు కదిలించడం అనుకున్నాను. అది ఆయన కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారంలోనే పోయారు.

కిందటి నెల అమ్మాయీ అల్లుడూ వచ్చారు. పెళ్లయి రెండేళ్లు. ఇంకో రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నారట. ఆ విషయం ఇద్దరూ నా ముందే, టీవీ చూస్తూ, ఇల్లు కొనాలా కారు కొనాలా అన్నట్టు మాట్లాడుకున్నారు. డాక్టరు దగ్గరికి కూడా కలిసే వెళ్లారట. నాకు ఆశ్చర్యమేసింది. అసూయ కూడా వేసింది. అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుని అడిగింది. "అమ్మా, మీరూ ఐదారేళ్లు ఆగే కదా నన్ను కన్నారు. ఆ రోజుల్లోనే. నాన్న ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారే. ఇద్దరం అనుకునే ఆగాం," అన్నాను.

"నాన్న గ్రేట్ కదా," అంది.

ఆ రాత్రి కాదు, మర్నాడు వాళ్లు వెళ్లిపోయాక నాకు తట్టింది. ఆయన్ని పొగడటానికి కూడా అబద్ధమే వాడాను. అడిగి ఉంటే ఒప్పుకునేవారు. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అడగలేదు. అమ్మాయికి నిజం చెప్పాలంటే, మీ నాన్న నిన్ను తన బిడ్డవో కాదో తెలియకుండానే పెంచాడని కూడా చెప్పాలి. ఆ మాట ఆ పిల్ల చెవిన వేయగలనా? లేను. అది నా బరువు దించుకోవడానికి దాని నెత్తిన ఎత్తడమే.

మా అత్తగారు ఇంకా ఉన్నారు. ఎనభై దాటాయి. చూపు మందగించింది కానీ చెవులు, బుర్ర చక్కగా పనిచేస్తాయి. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. ఒక పొద్దున ఆవిడ వరండాలో కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చున్నాను. అన్నీ చెప్పాను. నర్సు దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి దాకా. మోపిదేవి ప్రదక్షిణలు కూడా వదల్లేదు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నేను ముగించాక ఒళ్లోని కాయలు చేటలోకి దులిపారు.

"వాడికి చెప్పావా?" అన్నారు.

"లేదత్తయ్యా."

"మరి నాకెందుకు చెప్తున్నావే?"

ఆవిడ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. అన్నం పెడితే తింటారు. మందులిస్తే వేసుకుంటారు. స్నానానికి చెయ్యిస్తే పట్టుకుంటారు. మాట లేదు.

పోయిన వారం ఎదురింటావిడ వచ్చి కూర్చుంది. మా అమ్మాయి కబుర్లు అడిగి, ఎప్పుడూ అనే మాటే జాలిగా అంది. "పాపం, మీ అబ్బాయికి లోపం ఉన్నా ఆ స్వామి చల్లగా చూశాడు పిన్నిగారూ." ముప్పై ఏళ్లలో ఈ మాటకి మా అత్తగారు తలూపని రోజు లేదు. ఆ రోజు ఊపలేదు. "మావాడికి ఏ లోపమూ లేదమ్మా. ఎప్పుడూ లేదు. ఇంకెవరన్నా అంటే కూడా నువ్వు ఇదే చెప్పు," అన్నారు.

ఎదురింటావిడ నా వైపు చూసింది. అత్తగారు చూడలేదు. నన్ను కాపాడారో, నన్ను చూడటానికే ఇష్టం లేకపోయిందో, నాకు తెలియదు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. "అవునండీ," అన్నాను. "ఆయనలో లోపం లేదు. నేనే మాత్రలు వేసుకున్నాను. ఆయనకి చెప్పలేదు."

గొంతు బాగానే పలికింది. ఎదురింటావిడ కాసేపటికి లేచి వెళ్లింది. సాయంత్రానికి వీధికంతా తెలిసే ఉంటుంది. రేపో ఎల్లుండో ఎవరో ఒకరు మా అమ్మాయికి ఫోన్ చేస్తారు. అప్పుడు అది నన్ను అడుగుతుంది. ఏం చెప్పాలో నేను తయారుచేసి పెట్టుకోలేదు. అడిగిందానికి జవాబు చెప్తాను.